వదినె ఇంట్ల సముద్రం

"ఏం వదినె, పొద్దుగాల్నే పది క్యాన్ల నీళ్లు దించుకున్నవ్? ఇంట్ల వ్రతమా, ఒడుగా?" అని గోడ మీదికెళ్లి అడిగిన.

"వ్రతం లేదు, ఒడుగు లేదు. మావోడు హాల్ల సముద్రం చేస్తుండట" అన్నది వదినె, చేతుల చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంటనే.

మన ధర్మపురిల గంగ, అంటె గోదావరి, ఉన్నది, కోనేరు ఉన్నది, నర్సింహస్వామి ఉన్నడు, యమధర్మరాజు గుడి సుత ఉన్నది. సముద్రం ఒక్కటే లేకుండె. ఆ కొరత సుత తీరుస్తుండు వదినె కొడుకు, మా పిల్లగాడు. పట్నంల కంప్యూటర్ కొలువు, ఇప్పుడు ఇంటికాన్నుంచే పని. రెండు వందల లీటర్ల అద్దం తొట్టి, పంపులు, లైట్లు, అట్టపెట్టెల నిండ సామాను దించిండు. మా గల్లిల పాము కనపడ్డా, పిల్లి ఈనినా నన్నే పిలుస్తరు. కాలేజీల జువాలజీ చెప్పి రిటైరైన దాన్ని గద! గీ సముద్రం పంచాయితి సుత నా గోడ కాడికే వచ్చింది.

"నువ్వే చెప్పు వదినె. ఇంత దగ్గర గంగను పెట్టుకొని సముద్రం చేప ఎందుకు? గంగల చేపను తెచ్చి వేస్తే కాదా?"

"రెంటికీ నీళ్లే వేరు వదినె. గంగల చేప ఒంట్ల ఉప్పు ఎక్కువ, బయట నీళ్లల్ల తక్కువ. నీళ్లు వాటంతట అవే ఒంట్లకు గుంజుకుంటయి. అందుకని అది నీళ్లు తాగే పనే లేదు, వచ్చిన నీళ్లను బయటికి పంపుకుంట కూసుంటది. సముద్రం చేపది ఉల్టా. దాని ఒంట్ల నీళ్లు బయటికి పోతనే ఉంటయి. పొద్దంత ఉప్పునీళ్లు తాగాలె, ఎక్కువైన ఉప్పును మొప్పల నుంచి బయటికి తోయాలె."

"చేప నీళ్లు తాగదా? తాగేది ఇంకో చేపనా? ఏం గమ్మత్తు!" అని వదినె చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. ఇగ నాకు తెల్సు, ఈ ముచ్చట మాపటి దాక నడుస్తది.

ఇంతల లోపటికెళ్లి పెద్దమ్మ, అంటె వదినెకు అత్త, గొంతు వినపడ్డది. "ఉప్పేగదా కావాల్సింది? దొడ్డుప్పు సంచి అటక మీదున్నది, తీసుకపోయి పొయ్యిమను!"

దొడ్డుప్పుతోని సముద్రం కాదు. సముద్రం నీళ్లు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పదనం. రెండు వందల లీటర్లకు ఏడు కిలోలు. అండ్ల ఎక్కువ పాలు మనం తినే ఉప్పే అయినా మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు, బైకార్బొనేటు అన్నీ లెక్క ప్రకారం ఉంటయి. ఉప్పుమడుల్ల తిండి ఉప్పు గడ్డకట్టినంక మిగిలే చేదు నీళ్లల్లనే మెగ్నీషియం అసుంటివి ఉండిపోతయి. మన సంచిలకు వచ్చేది ఉత్త తిండి ఉప్పే. అందుకే తొట్టి కోసం అన్నీ కలిపిన ఉప్పును సంచులల్ల వేరే అమ్ముతరు. నీళ్లు సుత అంతే. మా దిక్కు బోరు నీళ్లు గట్టి నీళ్లు, నల్లా నీళ్లల్ల క్లోరిన్. అందుకని ఆర్ఓ క్యాన్లు. నీళ్లు ఆవిరైతె ఉప్పు ఆవిరి కాదు, తొట్టిలనే ఉంటది. తగ్గినప్పుడల్ల మంచినీళ్లే పొయ్యాలె. ఉప్పునీళ్లు పోసుకుంట పోతే చేపను ఊరవెట్టినట్టే.

సముద్రం తయారైంది. చేప మాత్రం రాలె. వారాలు గడిచినయి. ఉత్త నీళ్లు, తెల్ల రాళ్లు, గుడుగుడుమనే పంపు. చూసేతందుకు వచ్చినోళ్లు "చేపలేవి?" అనుడు, వదినె నామోషిపడుడు. ఒకనాడు గోడ కాడ "వాడికి పిచ్చి పట్టిందా?" అని గుసగుసగ అడిగింది.

"పిచ్చి కాదు, ఇగురం" అన్న. చేప ఒంట్లకెళ్లి, మిగిలిన తిండిలకెళ్లి అమ్మోనియా వస్తది. చేపకు అది విషం. దాన్ని నైట్రైటు చేసే సూక్ష్మజీవులు ఉంటయి, ఆ నైట్రైటు సుత విషమే. దాన్ని పెద్దగ హాని లేని నైట్రేటు చేసేటివి ఇంకో రకం. ఈ రెండు రకాలు రాళ్ల మీద స్థిరపడేతందుకు నెల, నెలన్నర పడ్తది. అప్పటి దాక ఆగనోడు చేపను కొని తెచ్చి చంపుకున్నట్టే. పిల్లగాడు రోజు పరీక్ష చేసుకుంట, కాగితం మీద రాసుకుంట ఆగిండు. ఆ ఓపికను చూసినంకనే నాకు వాని మీద నమ్మకం కుదిరింది.

ఆ తెల్ల రాళ్ల ముచ్చట సుత చెప్పాలె. బయటి దేశాలల్ల సముద్రంలకెళ్లి తీసిన పగడపు రాళ్లు వేస్తరు. వాటి సందులల్ల వేల రకాల చిన్న జీవులు ముందే ఉంటయి. మన దగ్గర పగడాలను సముద్రంలకెళ్లి తీసుడు నేరం. రాతి పగడాలను 2001ల వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద షెడ్యూల్ 1ల చేర్చిన్రు. అందుకని పిల్లగాడు కాల్చిన సిరామిక్ రాళ్లు తెచ్చిండు. చట్టానికి మంచిది. కాని ఆ రాళ్లల్ల జీవం లేదు. ఇది గుర్తు పెట్టుకోన్రి, ముంగట పనికొస్తది.

ఇగ చేపలొచ్చినయి. నారింజ రంగు మీద మూడు తెల్ల పట్టీలు. గల్లి పిల్లలంత "నీమో, నీమో" అని ఉరికచ్చిన్రు. 2003ల వచ్చిన సినిమ పుణ్యమాని పోరగాండ్లకు గా పేరొక్కటే ఎరుక. క్లౌన్ చేపలు, ఒక జత. తొట్టిలనే పుట్టి పెరిగినయి.

"వీటిల ఆడదేది, మొగదేది?" అని వదినె అడిగింది.

"పెద్దది ఆడది. పుట్టినప్పుడు అన్నీ మొగవే వదినె. గుంపుల పెద్దదే ఆడదైతది. ఆడది పోయిందనుకో, దాని మొగడే ఆడదై ఇల్లు నడుపుతది."

"ఇంటికి పెద్ద ఆడదే అని చేపకు సుత తెల్సు" అని లోపటికెళ్లి పెద్దమ్మ తీర్పు చెప్పింది.

చేప వచ్చిన మూడోనాడే అసలు లొల్లి మొదలైంది. వదినె వాళ్లది మడి పట్టే ఇల్లు. ఫ్రిజ్ తెరిస్తే పెరుగు, మామిడికాయ తొక్కు, నానవెట్టిన మినుపప్పు. గండ్ల ఆనాడు చిన్న ప్యాకెట్ కనపడ్డది. మంచుగడ్డ కట్టిన మైసిస్ రొయ్యలు! ఈగంత ఉంటయి, కాని రొయ్య రొయ్యనే కద. పెద్దమ్మ ఫ్రిజ్ కాడ నిలబడి ఒర్రుడు మా వంటింట్లకు వినపడ్డది. "గంగ ఒడ్డున, స్వామి గుడి పక్కన, నా పెరుగు గిన్నె మీద రొయ్యలా?" ఆ పూట వదినె ఇంట్ల పొయ్యి ఎలగలె. ఫ్రిజ్ మొత్తం కడిగి, పసుపునీళ్లు చల్లి, పిల్లగాన్ని మిద్దె మీదికి తోలిన్రు. ఇప్పుడు మిద్దె మీది అర్రల చేపలకు వేరే చిన్న ఫ్రిజ్ ఉన్నది.

తెల్లారి పెద్దమ్మనే గోడ కాడికి వచ్చింది. "ఏమే పిల్లా, ఆకులలములు తినే చేప లేదా సముద్రంల? గది తెస్తె ఏం పోయింది?"

"ఉన్నది పెద్దమ్మా. టాంగ్ అంటరు. తోక మొదట్ల కత్తి అసుంటి ముల్లు ఉంటది, అందుకని సర్జన్ చేప అని సుత అంటరు. పొద్దంత రాయి మీది నాచు గీక్కుంట బతుకుతది."

పెద్దమ్మ మొఖం వెలిగింది. "మరి గదే తెమ్మను. నేనే పాలకూర వేస్త."

"పాలకూర దానికి ఆనదు. సముద్రపు నాచే కావాలె. నోరి అని ఎండబెట్టిన పలుచటి నాచు దొరుకుతది, ఉప్పుకారం కలపనిది. దాన్ని క్లిప్పుకు పెట్టి అద్దానికి తగిలిస్తరు. కాని అది మస్తు ఈదే చేప. మన తొట్టి దానికి చాలదు. నాలుగు గోడల నడుమ తిరిగి తిరిగి బెదురుతది, ఒంటి మీద మచ్చలు లేస్తయి." పెద్దమ్మ నిట్టూర్చి లోపటికి పోయింది. సముద్రంల శాకాహారి సుత ఉన్నడని తెల్సినంక రొయ్యల మీద కోపం జర తగ్గింది.

అగో, ఇక్కడ్నుంచే నా పాఠం మొదలైంది. మనోళ్లు చేపను రంగు చూసి కొంటరు. చూడాల్సింది నోరు. ఈ మాట మన చెరువు చేపలు పట్టేటోళ్లకు ఎప్పటి నుంచో ఎరుకే. సర్కారు చెరువులల్ల వదిలే మూడు రకాలనే చూడున్రి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటది, మీద తేలే చిన్న జీవులను తింటది. రవ్వ నడిమి నీళ్లల్ల మేస్తది. మ్రిగాల నోరు కిందికి, అడుగున మురిగినదాన్ని ఏరుకుంటది. ఒక్క చెరువుల మూడూ పెరుగుతయంటె, మూడు నోళ్లు మూడు కంచాల మీద ఉన్నయి కాబట్టె.

సముద్రంల గీ నోళ్లు వందల రకాలు. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై అని ఒకటుంటది. పొడుగు ముక్కు, రాతి సందులకెళ్లి పురుగులను గుంజి తింటది. కొత్త తొట్టిల వేస్తే చానసార్లు ఏదీ ముట్టక పస్తుంటది. అదే కుటుంబంల ఇంకొన్ని ఉన్నయి, వాటికి బతికున్న పగడాల పాలిప్‌లు తప్ప ఇంకోటి పోదు. పగడాలు తీసుడు నేరమైన దేశంల వాటికి ఎవరు తిండి పెడ్తరు? చూసుకుంట చూసుకుంట ఎండిపోతయి. క్లీనర్ వ్రాస్ అని నీలి పట్టీ చేప ఉన్నది. పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవులను, జిగురును తిని బతుకుతది. నాలుగు చేపలున్న తొట్టిల దానికి చేసేతందుకు పనే ఉండదు, తినేతందుకు తిండే ఉండదు.

"సముద్రపు గుర్రం తెస్త అంటుండే మావోడు" అన్నది వదినె.

"తెస్తే నేనే ఫారెస్టోళ్లకు చెప్త" అన్న. సముద్రపు గుర్రాల కుటుంబం మొత్తాన్ని 2001లనే షెడ్యూల్ 1ల పెట్టిన్రు. పట్టుడు తప్పు, అమ్ముడు తప్పు. చట్టం పక్కన పెట్టినా దాని కడుపు సంగతి ఇను. దానికి జీర్ణాశయమే లేదు, పండ్లు లేవు. గొట్టమసుంటి మూతితోని పీల్చుడే. తిన్నది నిలువ ఉండదు. పొద్దంత కొద్దికొద్దిగ తింటనే ఉండాలె. రెండు పూటలు పెట్టి మరిచిపోయే ఇంట్ల అది బతకదు.

ఇంత చెప్పినంక సుత పిల్లగాడు ఒకనాడు మాండరిన్ చేపను తెచ్చిండు. పట్నంల ఒక దుకాణపాయన "దాణా తింటది, ఏం పరేషాన్ లేదు" అన్నడట. ఆక్సిజన్ నింపిన సంచిల, బస్సుల, ఒళ్లె పెట్టుకొని వచ్చిండు.

దాని అందం చూస్తే ఎవరికైనా మనసు గుంజుతది, అది ఒప్పుకోవాలె. వేలెడంత చేప. నీలం ఒంటి మీద నారింజ గీతలు ముగ్గు వంకలు తిరిగి, ఆకుపచ్చ మొఖం. చానా జీవులల్ల కనపడే నీలం రంగు వెలుతురు చేసే మాయ, రంగు పదార్థం ఉండదు. ఈ చేపల మాత్రం నిజంగనే నీలి రంగు కణాలున్నయి. వెన్నెముక ఉన్న జీవులల్ల ఇట్లాంటివి రెండే ఎరుక. రెండూ ఈ కుటుంబంవే. ఒంటి మీద పొలుసులు లేవు, చేదు జిగురు ఉంటది. అందుకని పెద్ద చేపలు దాన్ని ముట్టయి. ఇది మన సముద్రంది కాదు. ఫిలిప్పీన్స్, ఇండోనేసియా దిక్కు పగడపు దిబ్బలల్లది.

నేను అద్దాలు పెట్టుకొని తొట్టి ముంగట కూసున్న. పిల్లగాడు దాణా వేసిండు. క్లౌన్ చేపలు ఎగబడి తిన్నయి. ఒక గింజ మాండరిన్ ముక్కు మీద పడి జారి ఇసుకల కలిసింది. అది చూడనన్న చూడలె. పొట్టకింది రెక్కల మీద నడిచినట్టు నడుచుకుంట, రెండు కండ్లను వేరువేరుగ తిప్పుకుంట, రాయి మీద ఏదో కనపడితె ఆగి టక్కుమని ఒక్క పోటు. మళ్ల నడక, మళ్ల పోటు. కోడి కల్లంల గింజలేరినట్టే. కాని ఈ కల్లంల గింజలే లేవు!

అది వెతికేది కోపెపాడ్‌లను. పెంచేటోళ్లు పాడ్స్ అంటరు. మిల్లీమీటరు, అంతకన్న చిన్న జీవులు. మాండరిన్ పొద్దంత వాటిని ఏరుకుంట వందలు తినాలె. ముందుగాల చెప్పిన సిరామిక్ రాళ్లు గుర్తున్నయి కద? వాటిల పాడ్స్ పుట్టేతందుకు మొదలే లేదు. ఉన్న కొన్నీ క్యాన్ల వెంబడి రాలె, క్లౌన్ చేపల సంచి నీళ్ల వెంబడి వచ్చినయి. రాత్రి లైట్లు ఆర్పినంక టార్చి వేసి చూస్తే అద్దం మీద తెల్ల చుక్కలు కదిలేటివి. వారం తిరిగేసరికి టార్చి వేసినా ఒక్క చుక్క కనపడలె. చేప పొట్ట లోపటికి పోయింది. పక్కనుంచి చూస్తే వెన్ను పొంటి గుంట పడ్డది. తిండి లేని మాండరిన్‌ను గుర్తు పట్టేతందుకు ఇదే ఆనవాలు.

"ఏం చేద్దాం అత్తమ్మా?" అన్నడు పిల్లగాడు. మొఖం చేపకన్న ఎక్కువ గుంజుకపోయింది.

"ఇంట్ల బువ్వ వండకముందు చుట్టాన్ని పిలిస్తె ఏం చేస్తం? ఇప్పుడు వండాలె" అన్న.

మొదలు ఆర్టీమియా అనే సన్న జీవి. ఈ పేరు మన పల్లెలల్ల కొత్త గాని, ఆంధ్రల సముద్రం ఒడ్డున రొయ్యల హ్యాచరీలల్ల రోజు వినపడే మాటే. రొయ్యపిల్లలకు వేసే తిండి అదే. అమెరికాల గ్రేట్ సాల్ట్ లేక్ అని ఉప్పు చెరువున్నది. అక్కడ తీసిన ఎండు గుడ్లు డబ్బాలల్ల దేశాలు దాటి వస్తయి. ఒక్క గ్రాముల రెండు లక్షలకు పైనే గుడ్లు. చూసేతందుకు గోధుమరంగు దుమ్ము.

పిల్లగాడు పెద్ద ప్లాస్టిక్ సీస అడుగు కోసి తలకిందులు చేసి మిద్దె మీది గోడకు కట్టిండు. ఉప్పునీళ్లు పోసి, గాలి గొట్టం అడుగు దాక దింపి, చిటికెడు గుడ్లు వేసి, పైన బల్బు పెట్టిండు. ఒక రోజు, రోజున్నర. తర్వాత గాలి ఆపితె డొల్లలు మీదికి తేలుతయి, పుట్టిన పిల్లలు కిందికి దిగుతయి. వెలుతురు ఎటుంటె అటు పోవుడు వాటి గుణం. సీస మూతి కాడ టార్చి పెట్టంగనే నారింజ రంగు మబ్బోలె కూడినయి. మూతి విప్పి సన్న గుడ్డల వడగట్టి, మంచినీళ్లతోని కడిగి తొట్టిల పొయ్యాలె. డొల్లలు కలవద్దు, చిన్న చేపల పేగుల అడ్డం పడ్తయి. ఆలస్యం సుత చేయొద్దు. పుట్టంగనే దాని కడుపుల సొన ఉంటది, దాంట్లనే బలం ఉంటది. గంటలు గడిచినకొద్ది ఆ సొన అరిగిపోయి ఉత్త పొట్టు మిగులుతది.

పెద్దమ్మ మెట్ల మీద నిలబడి ఇదంత చూసింది. "గింత సన్న ప్రాణాలు... పాపం కాదా?" అని నన్ను అడిగింది. నేను ఏం చెప్పాలె? చేపను తెచ్చినంక దాని తిండి మన పాపంలకే వస్తదని చెప్పిన. పెద్దమ్మ కొద్దిసేపు ఊకుండి, "అయితె తెచ్చుడే తప్పు" అన్నది. ఈ మొత్తం వ్యవహారంల అంతకన్న సూటి మాట నేను వినలె.

ఆర్టీమియా వేసినంక ఇంకో కొట్లాట. మాండరిన్ ఒక్కొక్కటి చూసి చూసి తినే లోపట క్లౌన్ చేపలు మొత్తం మింగుతున్నయి. దానికి పిల్లగాడు ఉపాయం చేసిండు. ఇరుకు మూతి గాజు సీసను ఇసుక మీద పడుకోవెట్టి, సన్న గొట్టంతోని దాని లోపటికే ఆర్టీమియాను వదిలిండు. నేల మీద నడిచే మాండరిన్ నిమ్మలంగ సీసలకు పోయి తింటది. పైన ఈదే క్లౌన్ చేపలకు ఆ దారి తోచది. మొదటిసారి అది సీసలకు పోయి టక్కుటక్కుమని పొడిచిననాడు వదినె గోడ కాడికి ఉరికచ్చి, "తింటుంది వదినె, తింటుంది!" అన్నది. మనుమడు పుట్టిననాడు సుత గంత సంబురం ఉండదేమో.

ఆర్టీమియా ఒక్కటే చాలదు. పాడ్స్‌ను సుత పెంచాలె. వాటికి తిండి పచ్చనీళ్లు, అంటె కంటికి కనపడని నాచు పెరిగిన ఉప్పునీళ్లు. మిద్దె మీద పచ్చటి సీసలు వరసగ లేచినయి. ఒకనాడు పెద్దమ్మ పాచి పట్టిందని రెండు సీసలు పారబోసి శుభ్రంగ తోమి బోర్లించింది. ఇంకొన్ని ఎండకు పోయినయి. మా జగిత్యాల దిక్కు ఎండకాలం 45 డిగ్రీలు దాటే రోజులుంటయి. సముద్రం చేపకు 25, 26 డిగ్రీల కాడ సుఖం. నీళ్లు వేడెక్కినకొద్ది అండ్ల ప్రాణవాయువు తగ్గుతది, ఉప్పునీళ్లల్ల మొదలే తక్కువ. అందుకని తొట్టికి చిల్లర్, కరెంటు పోతే పంపు నడిచేతందుకు ఇన్వర్టర్. సీసలు మెట్ల కింద ట్యూబులైటు కిందికి దిగినయి. కరెంటు బిల్లు చూసి మా అన్నయ్య, అంటె వదినె పెనిమిటి, పెద్దగ ఏమనలె. "బంగాళాఖాతానికి మనమే బిల్లు కడ్తున్నమా?" అని మాత్రం అన్నడు.

మధ్యల ఎవరో సలహ ఇచ్చిన్రు, గంగల దొరికే సన్నరొయ్యలు తరిగి వెయ్యమని. చౌకే, కాని రోజు అదే పెడ్తే కుదరది. సముద్రం చేపలకు కావాల్సిన కొన్ని కొవ్వులు సముద్రపు తిండిలనే సరిపోను ఉంటయి, వాటిని సొంతంగ తయారు చేసుకునే శక్తి వాటికి తక్కువ. కొన్ని రకాల పచ్చి రొయ్యలల్ల, పచ్చి చేపలల్ల బి1 విటమినును విరగ్గొట్టే గుణం సుత ఉంటది. ఒకటే రకం పెట్టుకుంట పోతే చేప కడుపు నిండుతది గాని ఒంటికి పట్టది. ఇంకొకాయన ఎల్లిగడ్డ రసంల నానవెట్టి పెట్టమన్నడు. పెంచేటోళ్లు చానమంది చేసేదే, వాసనకు కొన్ని నోరు తెరుస్తయని అంటరు. మందనుకొని నమ్ముకుంటె మాత్రం మోసపోతం. పెద్దమ్మ మడి దినాలల్ల ఎల్లిగడ్డ సుత ఇంట్లకు రాదు, అది వేరే సంగతి.

అసలైన ఉపాయం మన కొర్రమీను పెంచేటోళ్ల కాడ ఉన్నది. తెలంగాణ రాష్ట్ర చేప అది. మిరుగం నాడు అందరికీ యాదికొచ్చేది అదే. పుట్టుకతోని వేటాడే చేప, కదిలేదాన్నే పడ్తది. దాన్ని చెరువుల దాణా మీద పెంచాలంటె పిల్లప్పుడే అలవాటు చెయ్యాలె. మొదలు బతికున్న తిండి, తర్వాత అండ్ల కొంచెం కొంచెం దాణా, దినదినం ఇది పెంచి అది తగ్గించుడు. మాండరిన్‌కు సుత గంతే. పిల్లగాడు ఆర్టీమియాలకు మంచుగడ్డ కట్టిన సన్న జీవులను కలుపుకుంట వచ్చిండు. ముందుగాల ఉమ్మేసేది. ఇప్పుడు అప్పుడప్పుడు మింగుతుంది. పొట్ట నిండుగ కనపడుతుంది. అయినా రోజు మొదలయ్యేది సీస కాడనే, రోజు ముగిసేది సీస కాడనే. ఊరికి పోవాలంటె పిల్లగాడు నా దిక్కు చూస్తడు. నేను టార్చి, వడగట్టే గుడ్డ పట్టుకొని మిద్దె ఎక్కుత. వేలెడంత చేపకు రెండిండ్లోళ్లం నౌకరీ చేస్తున్నం.

అదే క్లౌన్ చేపలను చూడున్రి. తొట్టిలనే పుట్టినయి గనుక కండ్లు తెరిచినప్పటి నుంచి మనిషి చేతి తిండే. మన దేశంల ఈ విద్య కొత్తదేం కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అని 1947ల పెట్టిన్రు. విశాఖపట్నంల సుత దాని కేంద్రం ఉన్నది. తమిళనాడు మండపంల, కేరళ విళింజంల ఉన్న దాని కేంద్రాలల్ల క్లౌన్ చేపలతోని తొట్లల్లనే గుడ్లు పెట్టిచ్చి, పిల్లలను సాకే పద్ధతి తయారు చేసిన్రు. పుట్టినంక మొదటి తిండి రోటిఫర్ అని కంటికి ఆనని జీవి, తర్వాత ఆర్టీమియా, తర్వాత దాణా. రంగు చేపల కోసం కడల్మీన్ వర్ణ అని దాణా సుత ఆ సంస్థనే తయారు చేసింది. మాండరిన్‌ను సుత తొట్లల్ల పుట్టిచ్చి అమెరికాల 2010 ప్రాంతం నుంచి అమ్ముతున్నరు. అట్ల పుట్టినయి దాణాకు సులువుగ అలవాటైతయి. సముద్రంలకెళ్లి వలతోని, కొన్ని దేశాలల్ల సైనైడు చల్లి సుత, పట్టి తెచ్చిన చేప మన ఇంటి తిండిని తిండే అనుకోదు.

మొన్న గోడ కాడ వదినె అడిగింది: "మా చెల్లె కొడుకు కరీంనగర్ల ఇట్లనే తొట్టి పెడ్తడట. ఏం చెప్పమంటవ్?"

చెప్పిన, మీకు సుత చెప్తున్న. సముద్రం చేపను మన ఊర్ల పెంచరాదని లేదు. నీళ్లు, ఉప్పు, చలువ అన్నీ పైసలతోని అయితయి. తిండి ఒక్కటే పైసలతోని కాదు. చేపను తెచ్చే ముందు నోరు చూడున్రి, అది సముద్రంల ఏం తింటదో తెలుసుకోన్రి, ఆ తిండి ముందుగాల ఇంట్ల తయారు చేసుకోన్రి. తొట్టిల పుట్టిన క్లౌన్‌తోని మొదలు పెట్టున్రి. మాండరిన్ మీద మనసు పడితె తొట్టి కనీసం మూడు వందల లీటర్లదై, ఏడాది పండి, రాత్రి టార్చి వేస్తే అద్దం నిండ పాడ్స్ కనపడేదాక ఆగున్రి. పగడాలు తినే బటర్‌ఫ్లైల జోలికి, క్లీనర్ వ్రాస్ జోలికి పోవొద్దు. సముద్రపు గుర్రం ఎవరన్న అమ్మజూపితె అది నేరమని మొఖం మీదనే చెప్పున్రి.

ఇగ దుకాణంకు పోయిననాడు ఏ చేపకైనా ఒక్కటే పరీక్ష. "తింటది" అన్న మాట వినకున్రి. మీ ముంగట వేసి తినిపించమనున్రి. అది తిన్నంకనే జేబుల చెయ్యి పెట్టున్రి.